తొట్టి మూతలో వెలుగు వృథా కాకుండా

ప్రశ్న: మా చేపల తొట్టి మూతలో ట్యూబ్‌లైట్ ఉన్నా మొక్కలకు వెలుతురు చాలడం లేదు. తక్కువ ఖర్చులో రిఫ్లెక్టర్ చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చమ్మా. ట్యూబ్‌లైట్ వెలుగు చుట్టూరా పరుచుకుంటుంది. పైకి పోయే సగాన్ని నీళ్లలోకి మళ్లించాలి. పలుచటి అల్యూమినియం రేకును ట్యూబ్ పొడవుకు కత్తిరించి, నడిమి మడత ట్యూబ్ వైపు దిగేలా వంచి, మెరిసే ముఖం కిందికి ఉండేలా బిగించండి. రేకు దొరక్కపోతే మూత లోపల తెల్ల ఎనామిల్ పెయింట్ వేసినా మేలే. వంటింటి ఫాయిల్ తొందరగా నలిగి, తేమకు మాసిపోతుంది. ఎల్‌ఈడీ వెలుగు ఎటూ కిందికే పడుతుంది కాబట్టి దానికి రిఫ్లెక్టర్ అంతగా అక్కర్లేదు.

ప్లగ్ తీశాకే పని మొదలుపెట్టండి. రేకు కరెంటు తీగలకు తగలకూడదు. మన ఎండలకు మూతలో వేడి నిలవకుండా గాలి సందులు వదలండి. రోజుకు 8 గంటల వెలుగు చాలు, ఎక్కువైతే పాచి పడుతుంది.