సీఆర్‌పీ నార్మల్ అంటే పేగు బాగున్నట్టేనా?

ఐబీడీ అంటే ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్. పేగుల లోపల వాపు, పుండ్లు వచ్చి, కొన్నాళ్లు తగ్గి, మళ్లీ వస్తుంటాయి. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు: క్రోన్స్ డిసీజ్, అల్సరేటివ్ కోలైటిస్. జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చూడ్డానికి డాక్టర్లు ముందుగా రాసేవి రక్త పరీక్షలే.

మొదటిది సీఆర్‌పీ. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. ఇది తయారయ్యేది పేగులో కాదు, కాలేయంలో! వాపు ఉన్నచోటి నుంచి ఐఎల్-6 లాంటి సిగ్నల్ వస్తే కాలేయం దీన్ని వదులుతుంది. రక్తంలో దీని సగం ఆయుష్షు సుమారు 19 గంటలే కాబట్టి వాపు తగ్గితే ఇదీ త్వరగా పడిపోతుంది.

రెండోది ఈఎస్ఆర్. నిలబెట్టిన గొట్టంలో ఎర్ర కణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో కొలుస్తారు. ఇది నెమ్మదిగా మారుతుంది, పైగా రక్తహీనత ఉన్నా పెరుగుతుంది. వీటితోపాటు హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ తగ్గాయా, ప్లేట్‌లెట్లు పెరిగాయా అని కూడా చూస్తారు.

చిక్కు ఏంటంటే, సీఆర్‌పీ వాపు ఉందని చెప్తుంది కానీ ఎక్కడుందో చెప్పదు. మామూలు ఇన్‌ఫెక్షన్‌కీ పెరుగుతుంది. అల్సరేటివ్ కోలైటిస్‌లో వాపు పేగు లోపలి పొరకే పరిమితం కాబట్టి ఒక్కోసారి అసలు పెరగకపోవచ్చు కూడా. మా పెదనాన్నగారి అబ్బాయికి ఈ జబ్బే. తను రోజుకి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి పరిగెడుతుంటే, రిపోర్ట్ చూసి ఇంట్లోవాళ్లు "నార్మలే కదరా, ఊరికే టెన్షన్ పడకు" అనేవారు. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ లాగ్ ఖాళీగా ఉంది కాబట్టి ప్రోగ్రామ్‌లో బగ్ లేదన్నట్టు!

అందుకే 1955లో ట్రూలవ్, విట్స్ అనే డాక్టర్లు ఇచ్చిన కొలమానం నాకు నచ్చింది. అందులో మొదటి షరతు రోగి చెప్పేదే: రోజుకి 6 లేదా అంతకంటే ఎక్కువ రక్త విరేచనాలు. దానికి తోడు నాడి 90 దాటడం, జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్ దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కంటే తక్కువుండడం, ఈఎస్ఆర్ 30 దాటడం, వీటిలో ఒక్కటున్నా జబ్బు తీవ్రమైనట్టే. ఇప్పటికీ దీన్ని వాడుతున్నారు. ఇంకా స్పష్టత కావాలంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, కొలనోస్కోపీ ఉన్నాయి.

మీ హాస్టల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండి, రక్తం పడుతూ జ్వరం కూడా వస్తే, పాత రిపోర్ట్ నార్మల్‌గా ఉందని ఆగకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.