ఆన్‌లైన్ దుకాణాన్ని తీర్చిదిద్దే యూఎక్స్ డిజైనర్

ఆన్‌లైన్ దుకాణంలో మెనూలు, ప్రొడక్ట్ పేజీలు ఎలా ఉండాలో నిర్ణయించేది యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) డిజైనర్. బొమ్మలు బాగా వేసేవారికే ఈ ఉద్యోగమని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అది సరికాదు. కొనడానికి వచ్చినవారు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎందుకు వెనుదిరుగుతున్నారో కనిపెట్టడమే ఇందులో అసలు పని.

చేనేత చీరల సైట్‌నే తీసుకుంటే, మెనూలో సాధారణంగా మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, గద్వాల, పోచంపల్లి అని ఊళ్ల పేర్లు ఉంటాయి. నేతల సంగతి తెలిసినవారికి అవి చాలు. పెళ్లిలో పెట్టడానికి అయిదువేల లోపు చీర కావాలనుకునేవారికి మాత్రం వాటిలో దేన్ని నొక్కాలో పాలుపోదు. అందుకే డిజైనర్ ముందుగా సెర్చ్ బాక్సులో జనం ఏ మాటలు టైపు చేస్తున్నారో చూడాలి. ఆ తర్వాత కార్డ్ సార్టింగ్: చీరల వివరాలు చీటీలపై రాసి, కొనుగోలుదారులనే వారికి తోచినట్టు గుంపులు కట్టమంటారు. అలా తయారైన మెనూను రంగులు, ఫొటోలు లేకుండా చూపించి, ఫలానా చీర ఎక్కడుంటుందో వెతకమనడం ట్రీ టెస్టింగ్. ఇవన్నీ అయ్యాక ఊరి పేర్లు తీసేయనక్కర్లేదు. ధర, రంగు, బట్ట రకం, సందర్భం ఫిల్టర్లుగా వాటి పక్కన చేరితే ఒకే చీరకు అయిదు దారులు ఏర్పడతాయి.

ప్రొడక్ట్ పేజీలో చీరను చేత్తో తాకే వీలుండదు కాబట్టి ఆ లోటును ఫొటోలు, వివరాలే తీర్చాలి. కొంగు, అంచు, నేత దగ్గరగా కనిపించాలి. చేనేతా మరమగ్గమా, జరీ ఎలాంటిది, పొడవెంత, బ్లౌజు పీసు ఉందా, ఎలా ఉతకాలి, నచ్చకపోతే వాపసు తీసుకుంటారా అన్న ప్రశ్నలకు అక్కడే జవాబు దొరకాలి. వీటిలో కొన్ని చట్టరీత్యా కూడా తప్పనిసరి: అమ్మకందారు వివరాలు, రిటర్న్, రీఫండ్ షరతులు చూపాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు చెబుతున్నాయి. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, లేని తొందర పుట్టించడం వంటి 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించింది. అలాంటి పేజీ గీయమన్నప్పుడు కాదనడం డిజైనర్ బాధ్యత.

నమూనా పేజీలను ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి ఫోన్‌లోనే పరీక్షించాలి. అయిదుగురు వాడుతుండగా గమనిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని వెబ్ వాడుక నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాశారు. రాకపోకలు తక్కువగా ఉన్న చిన్న దుకాణానికి, పేజీ రెండు రూపాలను వేర్వేరు జనానికి చూపి పోల్చే ఏ/బీ టెస్ట్ కంటే ఇదే నమ్మదగిన పద్ధతి. సైట్ మార్చినప్పుడు పాత లింకులను కొత్త పేజీలకు మళ్లించడం మరిచిపోతే గూగుల్ నుంచి వచ్చేవారు దారి తప్పుతారు.

ఈ వృత్తి కోసం ఇంటర్ ఏ గ్రూపుతో చదివినవారైనా ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ ప్రవేశ పరీక్ష రాసి బీడిజైన్‌లో చేరవచ్చు. డిగ్రీ తర్వాత ఎండిజైన్‌కు సీడ్ పరీక్ష ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో రెండు కోర్సులూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)కి ప్రవేశ పరీక్ష వేరు. డిజైన్ డిగ్రీ లేనివారు పోర్ట్‌ఫోలియోతో ప్రయత్నించవచ్చు. అందులో అందమైన తెరలు పది పెట్టేకంటే, తెలిసిన దుకాణం సైట్ ఒక్కటి ఎంచుకుని, వాడుకరులు ఎక్కడ తడబడ్డారో, తాము ఏ నమూనాను ఎందుకు వదిలేశారో, మార్చాక ఏం తేడా వచ్చిందో వరుసగా చూపడం మేలు.