ప్రార్థన గోడకు చెప్పుకున్నట్టుంటే

ప్రశ్న: మావారు పోయి ఏడాది కావస్తోంది. ప్రార్థనకు కూర్చుంటే గోడకు చెప్పుకున్నట్టుంది. ‘నీకు విశ్వాసం తగ్గింది, అందుకే ఇలా’ అంటున్నారు సంఘంలో. దేవుడు నన్ను వదిలేశాడా పాస్టరు గారూ?
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: లేదమ్మా. ఒక్కసారి 88వ కీర్తన తీసి చదవండి. విలాప కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి స్తుతివైపు తిరుగుతాయి. ఇది తిరగదు. దాన్ని రాసిన హేమాను 18 వచనాలూ మొరపెట్టి చీకట్లోనే ఆపేశాడు. అయినా ఆ కీర్తనను గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. జవాబివ్వని దేవుడితోనే అతను మాట్లాడుతున్నాడు చూడండి. మీరు చేస్తున్నదీ అదే. యేసు ప్రభువు సైతం సిలువ మీద 22వ కీర్తన మొదటి మాటలతోనే కేక వేశాడు.

ఏలీయా ప్రవక్త కూడా ఒకసారి బతుకు విసిగి, చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నాడు (1 రాజులు 19). అప్పుడు దేవుడు అతనికి ప్రసంగం చెయ్యలేదు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని పడుకుంటే పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. దేవుని సన్నిధి మొదట అలా వచ్చింది. కాబట్టి పక్కింటావిడ తెచ్చిన కూరగిన్నెను తక్కువగా చూడకండి.

ఇక మీకు విశ్వాసం తగ్గిందని అన్నవాళ్లంటారా, యోబు స్నేహితులు 7 రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంతసేపూ మంచివాళ్లే. నోరు తెరిచాకే దేవుడి కోపానికి గురయ్యారు.

సొంత మాటలు రాని రోజున ఆ 88వ కీర్తనే పైకి చదవండి, చాలు. నిద్ర, ఆకలి బొత్తిగా లేకపోతే డాక్టరుకు చూపించుకోండి. అది అవిశ్వాసమేమీ కాదు.