ఉద్యోగాన్వేషణ: మన జిల్లా పట్టభద్రులకు కొన్ని మాటలు



పట్టా చేతికొచ్చిన మరుసటి నెల నుంచీ ఊళ్ళో మీకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "ఏం నాయనా, ఏమన్నా అయిందా?" ఆ "ఏమన్నా" అంటే ఉద్యోగమని వేరే చెప్పనక్కరలేదు. మనవాళ్ళు చెప్పే జవాబూ ఒకటే: "నోటిఫికేషన్ కోసం చూస్తా ఉండాను మామా." ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. ఆ కాస్తా ఎప్పుడు పడుతుందో చెప్పలేం. మొగులుకేసి చూడటం మనకు తాతలనాటి అలవాటు. అది పట్టభద్రులకూ సంక్రమించిందేమోనని నా అనుమానం. అయితే సేద్యగాడు వాన కోసం చూస్తూ ఊరికే కూర్చోడు గదా! గుంటక తోలుకుంటాడు, శనక్కాయలు వలిచి విత్తనం సిద్ధం చేసుకుంటాడు, ఎద్దులకు మేత చూసుకుంటాడు. మన చదువుకున్న పిల్లలు చూపు మాత్రం నేర్చుకుని, ఆ పని మరిచిపోయినట్లు కనిపిస్తున్నారు. చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాడిని. తరగతిలో కంటే వరండాలో నిలబడి ఈ విషయమే ఎక్కువ మాట్లాడి ఉంటాను. ఆ మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా సర్కారు ఉద్యోగం సంగతి. దాన్ని కోరుకోవడం తప్పని నేననను. నెలనెలా జీతం అనే మాటకున్న విలువ, బోరు ఎండిపోయిన ఇంట్లో పుట్టినవానికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. కానీ లెక్క తెలుసుకుని కోరుకోవాలి. 2019లో రైల్వేవారు ఎన్.టి.పి.సి. కొలువులకు ప్రకటన ఇచ్చారు. పోస్టులు సుమారు 35 వేలు. దరఖాస్తులు కోటీ పాతిక లక్షలు. అంటే ఒక్కొక్క కుర్చీకి 350 మంది! పైగా మొదటి దశ పరీక్ష మొదలైందే 2020 డిసెంబరు ఆఖరున. అదే 2019లో మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాల కొలువులు పడ్డాయి, లక్షా పాతిక వేలకు పైగా. జులై ఆఖరున ప్రకటన, సెప్టెంబరు మొదటి వారంలో పరీక్ష, అక్టోబరు 2న సచివాలయాల ప్రారంభం. ఒకటేమో పరీక్షకే రెండేళ్ళు పట్టించింది. ఇంకొకటి రెండు నెలల్లో కురిసి వెలిసింది. రెండింటిలోనూ కాలం మన చేతిలో లేదు. మొదటిదానికి ఆగాలంటే ఈలోగా కూడు పెట్టే పని ఏదో ఒకటి ఉండాలి. రెండోదాన్ని అందుకోవాలంటే కాగితాలు పెట్టెలో సిద్ధంగా ఉండాలి.

కాగితాలన్నాను గనుక ఒక ముఖ్యమైన మాట. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి మన రాష్ట్రపు కొలువుల్లో "స్థానిక అభ్యర్థి" అనే లెక్క ఒకటుంది. ఎక్కడ పుట్టావన్నదానికంటే ఎక్కడ చదివావన్నది అందులో ప్రధానం. అందుకే నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతూ ఉంటారు. కరువు ఏళ్ళలో అమ్మానాయనలు బెంగళూరుకో బళ్ళారికో కూలికి పోతే, వెంట పోయి అక్కడి బడిలో రెండు మూడేళ్ళు చదివిన పిల్లలు మనలో ఎందరో ఉన్నారు. వాళ్ళకు ఈ లెక్క దగ్గరే చిక్కు వస్తుంది. కొలువు పడిన రోజున పరుగెత్తితే ఆ బడి మూతబడి ఉండవచ్చు, హెడ్మాస్టరు సెలవులో ఉండవచ్చు. ఈ సెలవుల్లోనే తిరిగి, చదివిన ప్రతి బడి నుంచీ సర్టిఫికెట్ తెచ్చుకోండి. కొలువు ప్రకటన వచ్చినప్పుడు అందులో స్థానికతకు ఇచ్చిన నిర్వచనం అక్షరం అక్షరం చదవండి. పక్కింటాయన చెప్పింది నమ్మి అప్లికేషన్ నింపకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయింది గనుక, మీ మండలం ఇప్పుడు అనంతపురంలో ఉందా, శ్రీ సత్యసాయి జిల్లాలో ఉందా అన్నది కూడా సరిగ్గా రాయాలి. ఇది చిన్న విషయమే కానీ ఫారాలు తప్పేది ఇలాంటి చోట్లనే.

ఇకపోతే కోచింగు. బ్యాంకులకు నంద్యాల, గ్రూపులకు హైదరాబాదు అశోక్‌నగర్, కంప్యూటరు కోర్సులకు అమీర్‌పేట - దారులు మీకు నాకంటే బాగా తెలుసు. నేనడిగేది ఒకటే: ఎన్నాళ్ళు? బయలుదేరే ముందే ఇంట్లో కూర్చుని, నాయనతో అమ్మతో మాట్లాడి, "ఫలానా నెల దాకా, ఇంత డబ్బు దాకా" అని నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ గడువు రెండేళ్ళా మూడేళ్ళా అన్నది మీ ఇంటి తాహతును బట్టి. గడువు రాసుకోనివాడు "ఇంకొక్క నోటిఫికేషన్" అంటూ ముప్పై దాటిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ డబ్బు ఏ కమ్మలు కుదువబెట్టి తెచ్చిందో కొందరికి తెలియను కూడా తెలియదు.

పని లేని కాలం మనిషిని ఏం చేస్తుందో చెప్పే పాత అధ్యయనం ఒకటుంది. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెంతాల్ అనే పల్లె. ఊరికంతటికీ అన్నం పెట్టిన బట్టల మిల్లు మూతబడింది. మరీ యాహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరిని పరిశీలించి 1933లో పుస్తకం వేశారు. చేతినిండా తీరిక ఉంది గదా, గ్రంథాలయంలో పుస్తకాలు ఎక్కువ చదివి ఉంటారని మనం అనుకుంటాం. జరిగింది తారుమారు: రెండేళ్ళలో పుస్తకాలు తీసుకోవడం సగానికి పడిపోయింది. వీధిలో మగవాళ్ళ నడక సైతం నెమ్మదించింది; నాలుగడుగులకు ఒకసారి ఆగేవారట. ఇంటి పనిలో ఉన్న ఆడవాళ్ళు మాత్రం చకచకా నడిచేవారు. అందుచేత, వెతుకుతున్న కాలంలో రోజుకు నాలుగు గంటలైనా ఏదో ఒక పనికి కట్టుబడండి. ఎరువుల అంగడిలో లెక్కలు రాయండి, ట్యూషన్ చెప్పండి, మెడికల్ షాపులో నిలబడండి. ఆ పని మీ నడక నెమ్మదించకుండా చూస్తుంది. రేపు ఇంటర్‌వ్యూలో "ఈ ఏడాది ఏం చేశావు?" అంటే చెప్పుకోవడానికీ ఉంటుంది.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి గురించి పెద్దలు ఇంకా అడుగుతుంటారు. ఖాళీలను ఆ కార్యాలయానికి తెలియజేయాలని 1959లో చట్టం వచ్చింది. అయితే అక్కడి జాబితా ఒక్కటే చాలదు, పత్రికల్లోనూ ప్రకటించి అర్హులందరినీ పరిగణించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది మన మచిలీపట్నంలోనే. కనుక పేరు నమోదు చేసుకోండి, మంచిదే. కేంద్రంవారి నేషనల్ కెరీర్ సర్వీసులో కూడా చేసుకోండి. అంతటితో పని అయిందనుకోవద్దు.

"మన జిల్లాలో ఏముంది సార్?" అంటారు. ఉన్నదేదో చూద్దాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు బయటికి వచ్చాయి. కారు ఫ్యాక్టరీ అంటే బోల్టులు బిగించేవాళ్ళే కాదు; దాని వెనక విడిభాగాల కంపెనీలు, గోదాములు, లారీలు, క్యాంటీన్లు, లెక్కల గదులు ఉంటాయి. తాడిపత్రిలో సిమెంటు, బండలు, రాయదుర్గంలో జీన్సు కుట్టే యూనిట్లు, ధర్మవరంలో పట్టు, ఎన్.పి.కుంటలో సోలార్ పలకలు; రామగిరి గుట్టల మీద గాలిమరలు. 2020లో తాడిపత్రి నుంచి అరటి గెలలు రైలెక్కి ముంబయి రేవుకు పోయాయి. ఆ ఏడే సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు కదిలింది. వీటిలో చాలా కొలువులకు పత్రికలో ప్రకటన ఉండదు. ఇంకొక దారి అప్రెంటిస్‌షిప్. 1961 నాటి ఆ చట్టాన్ని 2014లో సవరించాక ఇంజనీరింగు చదవని పట్టభద్రులకూ అందులో చోటు దొరికింది. బి.ఏ., బి.కాం. వాళ్ళు దీన్ని అడగనే అడగరు, ఎందుకో!

ప్రకటన లేని ఖాళీ ఎలా తెలుస్తుంది? మనిషి ద్వారా. ఏ మనిషి అన్నదే అసలు ప్రశ్న. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో, కొత్తగా పని మారిన ఉద్యోగులను ఇదే అడిగాడు. 1973, 1974లలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నేరుగా మాట్లాడినవారిలో సగం మందికి పైగా తెలిసినవాళ్ళ ద్వారానే పని సంపాదించారు. ఆ తెలిసినవాళ్ళు ఎవరనుకున్నారు? తరచూ కలిసే దగ్గరివాళ్ళు ఆరింట ఒక వంతు మాత్రమే. మిగతా అందరూ ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ళు, దాదాపు మరిచిపోయినవాళ్ళు. కారణం సులువే. మన దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. దూరపు పరిచయస్తుడు వేరే లోకంలో తిరుగుతుంటాడు. 2022లో లింక్‌డిన్‌లో 2 కోట్ల మంది మీద చేసిన ప్రయోగం కూడా, మరీ దగ్గరా మరీ దూరమూ కాని పరిచయాలే పని మారడానికి ఎక్కువ తోడ్పడ్డాయని తేల్చింది.

ఇది మన జిల్లాకు ఎంతగా వర్తిస్తుందో చూడండి. మనకు చుట్టాలకు కొదవ లేదు. పెళ్ళికి పిలిస్తే ఊరు ఊరంతా వస్తుంది. కానీ ఆ చుట్టాలందరిదీ అదే సేద్యం, అదే బోరు, అదే అప్పు. చిన్నాయనను వందసార్లు అడిగినా ఆయన మాత్రం ఏం చెప్పగలడు? కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ఏడాదిపాటు ఇంట్లో ఉంది. వాళ్ళ నాయన తోటలోని చీనీకాయలు కొనే మండీ గుమాస్తా ఒకరోజు మాటల్లో, ఎగుమతి చేసే పండ్ల ప్యాక్‌హౌసులో ఏ తోటకు ఏ మందు ఎప్పుడు కొట్టారో రికార్డు రాసే మనిషి కావాలంటున్నారని చెప్పాడు. "మందుల పేర్లు ఇంగ్లీషులో రాయాలంట, మీ పాపకు వస్తుందా?" అన్నాడట. ఆ అమ్మాయి మర్నాడే వెళ్ళింది. ఆ గుమాస్తా వాళ్ళకు చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. ఏడాదికి రెండుసార్లు కనిపించే మనిషి.

అందువల్ల ఒక కాగితం తీసుకుని, మీకు కొద్దిగా మాత్రమే తెలిసినవాళ్ళ పేర్లు ఒక యాభై రాయండి. పాత మాస్టర్లు, సీనియర్లు, బ్యాంకు ఫీల్డాఫీసరు, విత్తనాల కంపెనీ మనిషి, హాస్టల్ గదిలో రెండు నెలలు ఉండి వెళ్ళిన అన్న. 1968లో పీజీ కేంద్రంగా మొదలై 1981లో విశ్వవిద్యాలయమైన మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి ఇన్నేళ్ళలో బయటికి వెళ్ళినవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో! వాళ్ళకు రాయండి. ఎలా రాయాలో తెలియకనే చాలామంది ఆగిపోతున్నారు గనుక ఒక నమూనా ఇస్తున్నాను.

"నమస్కారం సార్. నేను మన యూనివర్సిటీలో ఎం.కాం. రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది ఉరవకొండ దగ్గర పల్లె. మీరు ఇక్కడే చదివి బెంగళూరులో ఆడిట్ పని చేస్తున్నారని మా లెక్చరర్ గారు చెప్పారు. నాకు ట్యాలీ, జి.ఎస్.టి. రిటర్నులు వేయడం వచ్చు. ఏడాదిగా ఒక ఎరువుల అంగడిలో లెక్కలు రాస్తున్నాను. మీ ఆఫీసులో కొత్తగా చేరినవారికి మొదట ఏ పని ఇస్తారు, నేను ఇంకా ఏమేం నేర్చుకోవాలి అన్నది తెలుసుకోవాలని ఉంది. ఆదివారం ఒక పది నిమిషాలు ఫోనులో మాట్లాడే వీలుంటే చెప్పగలరు."

దీనిలో "ఉద్యోగం ఇప్పించండి" అనే మాట లేదు, గమనించండి. ఆ మాట అడిగితే "ఇప్పుడేమీ లేవు నాయనా" అనడం ఎవరికైనా సులువు. తెలిసింది చెప్పమంటే కాదనేవాళ్ళు తక్కువ. "ఏ పనైనా చేస్తాను సార్" అని రాయకండి; వినయంగానే ఉంటుంది కానీ, చదివినవానికి మిమ్మల్ని ఎక్కడ పెట్టాలో తోచదు. మాట్లాడాక చివర్లో "ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది సార్?" అని అడగండి. యాభై పేర్లు వంద అయ్యేది అక్కడే. పదిమందికి రాస్తే ఇద్దరు జవాబిస్తారు. దానికి మనసు చిన్నబుచ్చుకోకండి. పూర్వ విద్యార్థులుగా ఈ సంచిక చేతబట్టుకున్న పెద్దలకు నా మనవి కూడా ఇక్కడే: అలాంటి ఉత్తరం వస్తే ఆ ఆదివారం ఒక పది నిమిషాలు ఇవ్వండి. ఖాళీ లేకున్నా, మీ ఆఫీసులో పని ఎలా ఉంటుందో చెప్పండి. ఆ సంగతి మా పిల్లలకు చెప్పే మనిషి వాళ్ళ ఊళ్ళో ఒక్కడూ లేడు.

ఇంటర్‌వ్యూ గురించి ఎక్కువ రాయను. ఇంగ్లీషు భయం ఒక్కటే మాట్లాడదగ్గది. మన పిల్లలకు రానిది ఇంగ్లీషు కంటే ఎక్కువగా తమ గురించి తాము చెప్పుకోవడం. ముందు తెలుగులో, మీ అమ్మకు అర్థమయ్యేలా, చేసిన ఒక పనిని రెండు నిమిషాల్లో చెప్పండి. అది వస్తే దాన్నే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చి, స్నేహితుని ఎదుట పదిసార్లు చెప్పండి. మీ బయోడేటాలో ఉన్న ప్రతి మాటకూ ఒక ఉదాహరణ చేతిలో ఉండాలి.

డబ్బులిస్తే వెనక దారిన వేయిస్తామనే వాళ్ళు ప్రతి బస్టాండు హోటల్లోనూ ఉన్నారు. మూడు లక్షలంటారు, ముందు సగమంటారు, ఫలానా పెద్దమనిషి పేరు చెబుతారు. ఎకరా అమ్మి ఇచ్చిన తండ్రులను నేనెరుగుదును. ఆ డబ్బు తిరిగి వచ్చిన ఇల్లు మాత్రం ఎరుగను. చేర్చుకునేవాడు జీతమిస్తాడే గాని ఎదురు డబ్బు అడగడు. కదిరి ప్రాంతం నుంచి కువైట్‌కు పోయేవాళ్ళయితే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటేనా కాదా అని చూసుకోవాలి. విజిటింగ్ వీసా మీద పనికి పొమ్మంటే పోవద్దు.

ఉద్యోగం ఖాయమైందంటే నోటిమాట మీద సూట్‌కేసు సర్దకండి. కాగితం మీద జీతం ఎంత, అందులో చేతికి వచ్చేది ఎంత, ప్రావిడెంట్ ఫండు ఉందా, ప్రొబేషన్ ఎన్ని నెలలు, మధ్యలో మానితే బాండు డబ్బు ఏమైనా కట్టాలా అన్నవి చూడండి. పి.ఎఫ్. నంబరు మొదటి నెల జీతంతోనే అడిగి రాసిపెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకుంటామంటే ఎందుకో అడగండి, తప్పదంటే ఏమేమి ఇచ్చారో రాయించి సంతకంతో రసీదు తీసుకోండి. ఆ సాయంత్రమే, మీకు పది నిమిషాలు ఇచ్చిన ఆ సీనియర్‌కు ఫోను చేసి ఎక్కడ చేరారో చెప్పండి. మీ నంబరు డిపార్ట్‌మెంటు ఆఫీసులో రాయించి వెళ్ళండి. వచ్చే ఏడు మీ ఊరివైపు పిల్లవాడెవరైనా అడిగితే ఇవ్వడానికి మాకు ఉంటుంది.