ఎక్కుడు, దిగుడు, సైకిలు



ఈసారి గోడపత్రికకు సైన్సు పాఠం రాయమని మా సారు చెప్పిండు. పుస్తకంలో ఉన్నది మళ్లీ రాస్తే ఎవరు చదువుతరు? అందుకే మనం రోజూ చూసే గుట్టల రోడ్డు మీద సైకిల్ గురించి రాస్తున్న. పని, శక్తి అనే పాఠం ఇందులోనే ఉన్నది.

మాది నల్లమల లోపటి ఒక చెంచుపెంట. మా ఇంట్ల బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. పోయిన చలికాలం సెలవుకు ఇంటికి పోతుంటే మన్ననూరు చెక్‌పోస్టు కాడ చాయ్ హోటల్ ముందు అయిదారు సైకిళ్లు ఆగి ఉన్నయి. హైదరాబాదు నుండి తొక్కుకుంటూ వచ్చినారట! వాళ్లలో ఒక అక్క కూడా ఉన్నది. “ఇంత ఎత్తు ఎట్ల ఎక్కినవ్ అక్కా? మా అన్నలే దిగి నూకుతరు” అని అడిగిన. ఆమె నవ్వి, “నా కాళ్లల్ల బలం ఎక్కువేం లేదు. పళ్లు లెక్కపెట్టు, తెలుస్తది” అని వెనుక చక్రం చూపించింది. నేను కూర్చొని లెక్కపెట్టిన. అక్కడి నుండి ఈ పాఠం మొదలైంది.

1. ఏటవాలు అంటే ఏమిటి?

100 మీటర్లు ముందుకు పోతే 5 మీటర్లు పైకి లేచే రోడ్డును 5 శాతం ఏటవాలు అంటారు. మనమే కొలవవచ్చు.

ప్రయోగం: సరిగ్గా మీటరు పొడవున్న కట్టె తీసుకోండి. సీసాలో నీళ్లు కొంచెం తక్కువగా పోసి మూత బిగించి కట్టె మీద పడుకోబెట్టండి. కట్టె ఒక కొన ఎత్తు వైపు రోడ్డుకు ఆనించి, రెండో కొనను మెల్లగా పైకి లేపండి. సీసాలోని గాలిబుడగ నడిమికి వచ్చినప్పుడు ఆపండి. ఆ కొనకూ రోడ్డుకూ మధ్య ఎన్ని సెంటీమీటర్లు ఉంటే అన్ని శాతం. బండ్లు లేని చోట, పెద్దవాళ్లు పక్కన ఉంటేనే చేయండి.

ఇప్పుడు లెక్క. నా బరువు 40 కిలోలు, సైకిల్ 20 కిలోలు, మొత్తం 60 కిలోలు. 5 శాతం ఏటవాలులో 60లో 5 శాతం, అంటే 3 కిలోల బరువు ఎప్పుడూ మనల్ని వెనక్కి గుంజుతుంటది. 10 శాతమైతే 6 కిలోలు. చదును రోడ్డు మీద ఈ గుంజుడు ఉండదు.

2. పళ్ల లెక్క

మా అన్న సైకిల్‌కు ముందు చక్రానికి, అంటే పెడల్ కాడ ఉండే దానికి, 44 పళ్లు. వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్లు. 44ను 18తో భాగిస్తే 2.44. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండున్నర చుట్లకు దగ్గర తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత దారంతో కొలిస్తే 2 మీటర్ల 20 సెంటీమీటర్లు. అంటే ఒక్క చుట్టుకు సుమారు 5.4 మీటర్లు పోతాము.

అక్క సైకిల్‌కు వెనుక చిన్నవీ పెద్దవీ కలిపి చాలా పళ్ల చక్రాలు ఉన్నయి. చైనును ఒకదాని మీది నుండి ఇంకొక దాని మీదికి మార్చవచ్చు. దీన్నే గేరు అంటారు. ఎక్కేటప్పుడు ఆమె ముందు 34 పళ్లు, వెనుక 34 పళ్లు పెట్టుకుంటది. పెడల్ ఒక చుట్టు, చక్రం కూడా ఒకటే చుట్టు. దూరం 2.1 మీటర్లే.

5 శాతం ఏటవాలులో అన్న సైకిల్ ఒక్క చుట్టుకు మనల్ని 27 సెంటీమీటర్లు పైకి లేపాలి. అక్క సైకిల్ పదిన్నర సెంటీమీటర్లు లేపితే చాలు. పెద్ద మెట్లు ఎక్కుడుకూ చిన్న మెట్లు ఎక్కుడుకూ ఉన్న తేడానే ఇది. చిన్న మెట్లయితే మెట్లు ఎక్కువ, కాని ముసలి అవ్వ కూడా ఎక్కుతది. పైకి చేరినాక చూస్తే ఇద్దరూ చేసిన పని ఒకటే. 60 కిలోలను 100 మీటర్ల ఎత్తుకు లేపుటకు 60 × 9.8 × 100 = 58,800 జౌళ్లు. గేరు పనిని తగ్గించదు. ఒక్కసారి పెట్టే బలాన్ని తగ్గిస్తుంది, అంతే. గాట్ రోడ్డును మలుపులు మలుపులుగా వేసేది కూడా ఇందుకే.

3. ఫ్రాన్సు దేశపు గుట్టలు

ఈ గేరు గురించి గట్టిగా కొట్లాడింది ఫ్రాన్సు దేశంలో. అక్కడ ఊరికీ ఊరికీ నడుమ గుట్టల మీదుగా చిన్న చిన్న రోడ్లు ఉన్నయి. పెద్ద బండ్లు పెద్ద రోడ్ల మీద పోతయి కాబట్టి ఈ రోడ్ల మీద సందడి తక్కువ. లోకమంతటి నుండి సైకిల్ తొక్కేవాళ్లు అక్కడికి పోతరు. చాలా కనుమల మీద కిలోమీటరుకు ఒక రాయి పాతి, పైకి ఇంకెంత దూరమో, ముందు కిలోమీటరు ఎన్ని శాతం ఏటవాలో రాసి పెడతరు. మన రోడ్డు మీద రాళ్లు దూరం చెప్తయి కాని ఏటవాలు చెప్పవు. అందుకే మనకు కట్టె, సీసా.

సెయింట్ ఎతియెన్ అనే ఊరిలో పాల్ ద వివీ (1853–1930) అనే ఆయన ఉండెను. గుట్టలు ఎక్కాలంటే గేర్లు కావాలని తన పత్రికలో రాసేవాడు. గేర్లు బలహీనులకు, మగవాడు ఒకే గేరుతో తొక్కాలి అని చాలామంది ఎగతాళి చేసిండ్రు. 1902లో గుట్టల దారిలో ఒక పరీక్ష జరిగింది. మార్త్ హెస్ అనే ఆమె మూడు గేర్ల సైకిల్ మీద, ఎదువార్ ఫిషర్ అనే పేరున్న పందెగాడు ఒకే గేరు సైకిల్ మీద తొక్కిండ్రు. గెలిచింది మార్త్ హెస్. అయినా 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ పందెంలో పెద్ద పందెగాళ్లకు చైను మార్చే గేర్లను ఒప్పుకున్నది 1937లోనే. నిజం తెలిసినాక కూడా ఒప్పుకొనుటకు ముప్పై అయిదేండ్లు పట్టింది!

4. మన రోడ్డు

హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే రోడ్డు నల్గొండ జిల్లా డిండి దాటి, మన్ననూరు కాడ అడవిలోకి వస్తుంది. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట దాటి మలుపులు తిరుగుకుంటూ కృష్ణ కాడికి దిగుతుంది. ఇదంతా మొదట మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లా. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుండి పొద్దున 6 వరకు గేటు మూస్తరు.

పొద్దున గేటు తెరవంగనే రోడ్డు ఖాళీగా ఉంటదని అనుకోవద్దు. రాత్రంతా ఆగిన బండ్లన్నీ ఒక్కసారే ఉరుకుతయి. అవి పోయినంక రోడ్డు నిమ్మలమైతది. శివరాత్రికి, ఉగాదికి, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరప్పుడు సైకిల్ తీయనే వద్దు. కోతులకు తిండి వేసేవాళ్ల కార్లు మలుపుల్లోనే ఆగుతయి, చూసుకోవాలె.

5. దిగుడు (నాకు జరిగింది)

ఎక్కుడు కష్టం, దిగుడు ప్రమాదం. పోయిన ఎండాకాలం అన్న సైకిల్ మీద డిపో బియ్యం, వెనుక చెల్లెను కూర్చోబెట్టుకొని వస్తున్న. పెంట దారిలో ఒక దిగుడు ఉన్నది. బ్రేకు పట్టిన. పట్టలేదు. ఇంకా గట్టిగా పట్టిన. రింగు గరగరమన్నది కాని సైకిల్ ఆగలేదు. మలుపులో పొదలోకి పోయి పడ్డం. నాకు మోకాలు చీరుకున్నది. చెల్లె చెయ్యి విరిగింది. బియ్యం మట్టిలో పడ్డయి. అమ్మా నేనూ చీకటయ్యేదాక ఏరినం.

“ఆడపిల్లకు సైకిలెందుకు? ఇంక ముట్టకు” అని నాయిన అన్నడు. నేను ఏం మాట్లాడలేదు. తెల్లారి బ్రేకు రబ్బర్లు చూసిన. రబ్బరు పూర్తిగా అరిగి ఇనుము రింగుకు తాకుతున్నది.

లెక్క చూడండి. 20 మీటర్ల ఎత్తు దిగితే, బ్రేకు, గాలి, రాపిడి ఏవీ లేకుంటే వేగం గంటకు 71 కిలోమీటర్లు అయితది! బరువు ఎంతున్నా ఇదే వేగం. కాని బరువు పెరిగితే బ్రేకు ఆపాల్సిన శక్తి పెరుగుతుంది. మేము, బియ్యం, సైకిల్ కలిపి 100 కిలోలు. 100 × 9.8 × 20 = 19,600 జౌళ్లు. ఇందులో ఎక్కువ భాగం ఆ చిన్న రబ్బర్లు వేడిగా మార్చాలె. అరిగిన రబ్బర్లు ఎట్ల మారుస్తయి? నేను ఆడపిల్లనని పడలేదు. రబ్బరు అరిగినందుకు పడ్డ. ఈ మాట నాయినకు ఇంకా చెప్పలేదు. ఈ సెలవుకు పోయినప్పుడు ఈ లెక్క చూపించి చెప్త.

6. గుర్తుంచుకోవలసినవి

(1) ఎక్కే ముందే బ్రేకు రబ్బర్లు చూడాలి.
(2) దిగేటప్పుడు మొదటి నుండే రెండు బ్రేకులూ మెల్లమెల్లగా పట్టాలి. వేగం వచ్చినాక పట్టుడు ఆలస్యమే.
(3) మలుపు రాకముందే వేగం తగ్గించాలి.
(4) చున్నీ నడుముకు కట్టుకోవాలి, చైనులో పడుతుంది.
(5) దిగి నూకుడు సిగ్గు కాదు. పొద్దు గుంకిన తర్వాత అడవి రోడ్డు మీద ఉండొద్దు.

7. వార్డెన్ మేడం గారికి మనవి

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991–92లో అక్షరాస్యతా ఉద్యమంలో చదువుతో పాటు వేలమంది పల్లె ఆడవాళ్లకు సైకిల్ నేర్పిండ్రు. వాళ్లల్ల కూలి చేసేటోళ్లు కూడా ఉండిరి. మన స్టోరు రూములో ఒక పాత సైకిల్ ఉన్నది. రెండు టైర్లు, నాలుగు బ్రేకు రబ్బర్లు వేస్తే నడుస్తది. ఆదివారం సాయంత్రం గంట సేపు గ్రౌండులో నేర్చుకొనుటకు దయచేసి అనుమతి ఇవ్వగలరు. మా పెంట నుండి అయిదో తరగతి అయిపోయి ఇంట్లనే ఉన్న పిల్లలు ముగ్గురు ఉన్నరు. పెద్ద బడి దూరమని పంపలేదు. నేను నేర్చుకుంటే వాళ్లకు నేర్పుత.

ప్రశ్నలు:
1. ముందు 48 పళ్లు, వెనుక 20 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది?
2. మీ బరువు, సైకిల్ బరువు కలిపి 8 శాతం ఏటవాలులో వెనక్కి గుంజే బరువు ఎంత?
3. మన బడి గేటు ముందున్న ఎక్కుడు ఎన్ని శాతం? కొలిచి ఈ గోడ మీదనే రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని