కుక్కపిల్లను ఎవరికివ్వాలి?

కుక్కపిల్లను పెంచుకోవాలని మీకు సరదాగా ఉందా? మంచి పెంపకందారు దగ్గరికి వెళ్ళి చూడండి. ధర చెప్పకముందే ఆయన మిమ్మల్ని ప్రశ్నలడుగుతాడు. పగలు మీ ఇంట్లో ఎవరుంటారు? దాన్ని రోజూ బయట తిప్పే తీరిక ఎవరికుంది? మీరు ఊరెళితే దాన్ని ఎవరు చూస్తారు? ఇవన్నీ ఆయనకెందుకు?

కుక్కపిల్ల పుట్టిన సుమారు 2 వారాలకు కళ్ళు తెరుస్తుంది. 3వ వారం నుంచి 12వ వారం వరకు దానికి చాలా ముఖ్యమైన కాలం. తోటి పిల్లలతో ఆడుకుంటూ ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకునేదీ, మనుషులకు మచ్చిక అయ్యేదీ అప్పుడే. అమెరికాలోని బార్ హార్బర్‌లో శాస్త్రజ్ఞులు కొన్ని పిల్లలను 14 వారాలదాకా మనుషులకు దూరంగా పెంచి, ఆ ఫలితాలను 1961లో ప్రచురించారు. ఆ పిల్లలు తరువాత మనిషిని చూస్తే బెదిరి తప్పుకునేవి.

అలాగని మరీ ముందుగా తల్లినుంచి వేరుచేయడమూ మంచిది కాదు. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు.

ఇప్పుడు లెక్క వేయండి. ఆ ముఖ్యమైన కాలంలో చివరి 4 వారాలు మీ ఇంట్లోనే గడవాలి. అప్పుడు దానికి పాఠాలు నేర్పవలసింది మీరే. పెంపకందారు వెతికేది కొనేవాణ్ణి కాదు, ఆ గురువును!