రాగిరేకు నుంచి చరణం దాకా: ఎక్సెమ్మెల్‌లో వెతికే తీరు



తాళ్లపాక కవుల సంకీర్తనలను తిరుపతిలో కంప్యూటరుకు ఎక్కించే పనికి పూనుకున్నవారు, వెతికే సూత్రాలు రాయడానికి ముందు ఆ పాఠం ఏ వరుసలో ఒదిగి ఉన్నదో తెలుసుకోవడం మేలు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారం నుంచి 1922లో వెలుగులోకి వచ్చిన రాగిరేకుల మీద అన్నమాచార్యుల (1408–1503), ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుల, మనుమడు చిన తిరుమలాచార్యుల రచనలు ఉన్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించగా వాటిని దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది. సంపుటిలో రేకు, రేకులో కీర్తన, కీర్తనలో పల్లవీ చరణాలూ, కీర్తన తలమీద రాగం పేరు: ఈ క్రమాన్ని చెడగొట్టకుండా భద్రపరచడానికే ఎక్సెమ్మెల్ పనికివస్తుంది.

ఎక్సెమ్మెల్ అనేది పాఠంలోని ప్రతి భాగానికీ మొదటా చివరా గుర్తులు పెట్టి, ఒకదానిలో ఒకటి ఇమిడే మూలకాలుగా చూపే రాత పద్ధతి. దీని ప్రమాణం 1998లో వెలువడింది. మూలకం తలగుర్తులోనే రాసే రాగం వంటి అదనపు వివరాన్ని లక్షణం అంటారు. ఈ పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చునన్న సంగతి చాలామంది గమనించరు. కావలసిన మూలకాలను ఏరుకొనే దారి భాష ఎక్స్‌పాత్. అది 1999లో ప్రమాణమైంది. అందులో //కీర్తన[@రాగం='సామంతం'] అంటే ఏ లోతులో ఉన్నా సామంతరాగ కీర్తనలన్నీ అని అర్థం. ఆ జంటగీతలు ఎంత సుఖమో అంత ప్రమాదం: పీఠికలో ఉదాహరణగా ఎత్తిచూపిన కీర్తనకు కూడా అదే గుర్తు పెట్టి ఉంటే, అదీ లెక్కలో చేరుతుంది. కనుక /సంపుటి/రేకు/కీర్తన అని దారి మొత్తం రాయడమే ఉత్తమం.

అసలు చిక్కు, షరతు ఒక అంతస్తులోనూ కావలసిన ఫలితం మరొక అంతస్తులోనూ ఉన్నప్పుడు వస్తుంది. చివరి చరణంలో వేంకటేశ ముద్ర ఉన్న కీర్తనలు కావాలంటే, చరణాన్ని వెతికి పట్టుకొని పైకి ఎక్కనక్కరలేదు. కీర్తన దగ్గరే ఆగి, చరణం గురించిన షరతును చదరపు కుండలీకరణంలో పెడితే కీర్తన మొత్తం చేతికి వస్తుంది. అయితే అచ్చులో పాదం చివర పదం విరిగి తరువాతి పాదంలోకి వెళ్లిన చోట, ఆ విరుపుతో ముద్ర రెండు ముక్కలై యంత్రానికి కనబడదు. ఛందస్సు తెలిసిన తెలుగువాడు ముందే ఊహించవలసిన ఇబ్బంది ఇది. అలాగే //చరణం[1] అంటే గ్రంథంలోని మొదటి చరణం కాదు, ప్రతి కీర్తనలోని మొదటి చరణం. గ్రంథం మొత్తంలో మొదటిదే కావాలంటే (//చరణం)[1] అని కుండలీకరణాలు వాడాలి.

ముఖారి రాగం కాని కీర్తనలను ఏరే సందర్భంలో మరింత జాగ్రత్త అవసరం. @రాగం!='ముఖారి' అని రాస్తే రాగం పేరు నమోదు కాని కీర్తనలు ఫలితంలోకి రావు, ఎందుకంటే పోల్చడానికి లక్షణమే లేదు; @రాగం='ముఖారి' అనే సమాన షరతును నాట్ అనే ప్రమేయంలో చుట్టితేనే అవీ వస్తాయి. రాగాల పట్టికలు తప్పడానికి ఇటువంటి చిన్న తేడా చాలు. దేసాక్షి, దేశాక్షి అని రెండు రూపాలు ఉన్నప్పుడు మూలరూపాన్ని దిద్దకుండా, పోలికకోసం వేరొక లక్షణంలో ఏకరూపాన్ని ఉంచడం పండిత మర్యాద. అక్షరాల మధ్య కంటికి కనబడని సంకేతం దాగి ఉన్నా, చూపుకు ఒకటిగా ఉన్న రెండు పేర్లు యంత్రానికి వేరవుతాయి.

సాహిత్యపాఠాల కోసం పండితలోకం వాడే టీఈఐ పద్ధతిని అనుసరిస్తే, మూలకాల పేర్లన్నీ ఒక నామక్షేత్రానికి, అనగా పేర్ల గోత్రానికి, చెంది ఉంటాయి. ఆ గోత్రాన్ని ప్రకటించక వట్టి పేరుతో వెతికితే దోషం చెప్పకుండా శూన్యం చేతికి వస్తుంది. ఇక పనిముట్టు విషయానికి వస్తే, పైతాన్ భాషతో వచ్చే ఎలిమెంట్‌ట్రీ ఈ దారి భాషలో కొంతభాగాన్నే గ్రహిస్తుంది, నాట్ వంటి ప్రమేయాలను ఒప్పుకోదు. కాబట్టి పైన చెప్పిన షరతులకు ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే పైతాన్ లైబ్రరీని స్థాపించుకొని, ఒక రేకు కీర్తనలను చేతితో లెక్కించి ఆ ఫలితంతో సరిచూసుకున్న తరువాతే సంపుటి మొత్తం మీద నడపవలసి ఉంటుంది.